ఈసారి టూరు కోరంగికి పోదాం

పోయిన వారం మన డిపార్ట్‌మెంటులో టూరు గురించి మీటింగు జరిగింది కదా. చేతులెత్తమంటే ఇరవై ఆరు చేతులు బెంగుళూరు పక్కనుండే వాటర్ పార్కుకు లేచినాయి, తొమ్మిది తిరుపతికి. నేను చెప్పిన పేరుకు మూడే చేతులు, అందులో ఒకటి నాదే. ఓట్లలో ఓడిపోయినాక ఇంకా గోడపత్రికలో ఏమిటికి రాస్తా ఉంది ఈ అమ్మాయి అని మీరనుకోవచ్చు. రాయమన్నది మేడమే. "మీటింగులో నువ్వు చెప్పింది ఎవరికీ అర్థం కాలేదు. వివరంగా రాసి పెట్టు, చదివినాక మళ్ళీ ఒకసారి అడుగుదాం" అన్నారు. కాబట్టి ఇది చదివి మళ్ళీ చేతులెత్తే పని మీకుంది.

నేను చెప్పిన ఊరు కోరంగి. కాకినాడకు దక్షిణంగా, గౌతమీ గోదావరి పాయ ఒకటి సముద్రం చేరే దారిలో ఉండే పాత ఓడరేవు. దాన్ని ఆనుకొన్నట్టే కొంచెం దూరంలో యానాం. పొద్దున కోరంగిలో మడ అడవుల మధ్య పడవ, సాయంత్రం యానాంలో గౌతమి మీద ఇంకో పడవ. మధ్యలో అన్నం, నిద్రొస్తే నిద్ర. కార్యక్రమం అంతే. మీటింగులో ఇది విని వెనక బెంచీ నుంచి ఎవరో "అంతేనా?" అన్నారు. ఆ "అంతేనా" కోసమే నేను అడుగుతా ఉండేది.

మన టూర్లు ఎట్లా జరుగుతాయో అందరికీ తెలుసు. రాత్రి రెండు గంటలకు కాలేజీ గేటు దగ్గర బస్సు. పొద్దున ఆరుకు ఒక గుడి, ఎనిమిదికి డ్యాము, పదికి ఇంకో గుడి, దారిలో పులిహోర, మధ్యాహ్నం ఒక మ్యూజియం ముందు గ్రూపు ఫోటో (లోపలికి పోయేంత టైం ఉండదు), మళ్ళీ బస్సు. ఇంటికొచ్చినాక ఏం చూసినావు అంటే ఫోనులో వెతుక్కోవాల్సిందే. మొదటి సంవత్సరంలో మనం ఒక్క రోజులో ఏడు చోట్లు తిరిగినాం. ఇప్పుడు నాకు గుర్తున్నవి రెండు, రెండూ హోటళ్ళే.

వాటర్ పార్కు మీద నాకేమీ కోపం లేదు. కానీ కోలారు జిల్లా పిల్లలం, అంత దూరం పోయి ప్లాస్టిక్ జారుడుబండ మీద పడే నీళ్ళు చూసి రావాలా? లక్కూరులో మా ఇంటి వెనక బోరు వెయ్యి అడుగులు దాటిపోయింది. చుట్టూ నీలగిరి తోపులు. ఊరి చెరువు కట్ట దాకా నిండింది నాకు ఊహ తెలిసినాక రెండు సార్లో మూడు సార్లో. నది అంటే మనకు సోషల్ పుస్తకంలో నీలం గీత.

తమాషా ఏమిటంటే నదులు పుట్టేది మన పక్కనే. నంది కొండల దిక్కున పుట్టిన ఉత్తర పినాకిని గౌరిబిదనూరు మీదుగా హిందూపురం వైపు పోయి, పెన్న అయ్యి, నెల్లూరు దాటి సముద్రంలో పడుతుంది. దక్షిణ పినాకిని హొసకోటె, హొసూరు మీదుగా తమిళనాడులోకి పోయి కడలూరు దగ్గర సముద్రం చేరుతుంది. అది మా మాలూరు తాలూకా పక్కగానే పోతుంది, ఇప్పుడు దాంట్లో పారేది ఎక్కువగా బెంగుళూరు మురికినీళ్ళు, అది వేరే కథ. పాలారు మన జిల్లాలో బేతమంగళ చెరువు నింపి (కేజీఎఫ్ గనులకు నీళ్ళు ఇచ్చిన చెరువు అదే), వేలూరు దాటిపోయి సద్రాస్ దగ్గర సముద్రంలో కలుస్తుంది. కడలూరులో ఇంగ్లీషువాళ్ళకు కోట ఉండింది, సద్రాస్‌లో డచ్చివాళ్ళకు. మన దగ్గర పడిన వాన పాత రేవులకు పోతా ఉంది, మనం మాత్రం పోలేదు.

ఇంకో చిన్న సంగతి, ఇది మా ఇంట్లోనే తెలిసింది. మా అమ్మ కన్నడం, నాయన తెలుగు. అమ్మకు బందరు అంటే ఏ ఓడరేవైనా బందరే, మంగళూరు బందరు, కారవార బందరు. నాయనకు బందరు అంటే ఒక్క మచిలీపట్నం, దాని లడ్డు. ఒకే ఫార్సీ మాట, కన్నడంలో జాతి పేరుగా ఉండిపోయింది, తెలుగులో ఒక ఊరికి ముద్దు పేరు అయిపోయింది. కోరంగి గురించి చెప్పినప్పుడు అమ్మ "ఆ బందరినల్లి నోడోకె ఏనిదె?" అంది. ఆ రేవులో చూడ్డానికి ఏముంది అని. నాయనకు అర్థమైంది మాత్రం లడ్డు ఉండే ఊరని. ఆ గందరగోళం సర్దేసరికి అన్నం చల్లారిపోయింది.

అమ్మ అడిగింది మంచి ప్రశ్నే. చూడ్డానికి ఏముంది? పోయిన జనవరిలో కాకినాడలో ఉండే మా చిన్నాయన వాళ్ళింటికి పోయినప్పుడు నేను కోరంగి చూసినా. రేవు అనేదానికి గుర్తుగా పెద్దగా ఏమీ లేదు. చిన్న ఊరు. అటవీ శాఖ వాళ్ళు మడ చెట్ల మధ్య చెక్కలతో నడక దారి కట్టినారు, దాని చివర పడవలు. నీళ్ళు పోటు మీద ఉంటేనే పడవ కదులుతుంది. మేము పోయినప్పుడు ఆటు, కాబట్టి గంటన్నర కూర్చోబెట్టినారు. ఆ గంటన్నరలో నేను చూసినంతగా ఏ టూరులోనూ చూడలేదు. బురదలోంచి పెన్సిళ్ళు నాటినట్టు వేళ్ళు పైకి వచ్చి ఉన్నాయి, చెట్టు వాటితోనే ఊపిరి పీల్చుకుంటుందంట. చిన్న చేపలు నీళ్ళు వదిలేసి బురద మీద రెక్కలతో పాకుతా ఉన్నాయి. ఎర్ర పీతలు మన నీడ పడితే చాలు, బొక్కలోకి. చూస్తా ఉండగానే, ఎవరో కొళాయి తిప్పినట్టు, కాలవలోకి నీళ్ళు వెనక్కి ఎక్కినాయి. నది వెనక్కి రావడం నేను అదే మొదటిసారి చూడటం.

పడవలో ఇంజను ఆపినప్పుడు ఎవరూ మాట్లాడలేదు. మా చిన్నాయన కూతురు, మామూలుగా నోరు మూయదు, అదీ మాట్లాడలేదు. ఆ అడవి చిన్నది కాదు, అభయారణ్యం మొత్తం 235 చదరపు కిలోమీటర్లు. 1978లో ప్రకటించినారు. చేపలు పట్టే నీటిపిల్లి అక్కడ ఉంటుంది, మాకు కనపడలేదు. ఎదురుగా సముద్రంలో హోప్ ఐలాండ్ అని ఇసుక దిబ్బ. గోదావరి మోసుకొచ్చిన ఇసుకతో పెరిగిన దిబ్బే ఇప్పుడు అలలకు అడ్డుపడి కాకినాడను కాపాడుతుంది. అదే గోదావరి ఒండ్రు కోరంగి దారిని పూడ్చేసింది. పెద్ద ఓడలు రాలేక వ్యాపారం కాకినాడకు పోయింది.

ఒకప్పుడు కోరంగిలో, పక్కనే తాళ్ళరేవులో, కొయ్య ఓడలు కట్టేవాళ్ళు. దెబ్బతిన్న ఓడల్ని బాగుచేసే డాక్ పందొమ్మిదో శతాబ్దం మొదట్లోనే ఉండింది. 1789లో ఒక ఉప్పెన వచ్చింది, 1839 నవంబరులో ఇంకోటి. రెండో దాని గురించి రాసిన చోటల్లా నలభై అడుగుల అల అనీ, మూడు లక్షల మంది పోయినారనీ ఉంటుంది. ఆ కాలంలో ఎవరు కూర్చొని లెక్కపెట్టినారో మరి, ఆ అంకె నాకు నమ్మబుద్ధి కాదు. ఊరు మళ్ళీ లేవలేదనేది మాత్రం అక్కడికి పోయిన ఎవరికైనా కనపడుతుంది. కలకత్తాలో ఉండిన హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన ఇట్లాంటి బంగాళాఖాతం తుఫాన్లను వరసగా చదివి, 1848లో వాటికి ఒక పేరు పెట్టినాడు. గ్రీకులో పాము చుట్ట అనే అర్థం వచ్చే మాట నుంచి తీసిన ఆ పేరే సైక్లోన్. కోరంగి ఉప్పెన ఆయన చెప్పిన ఉదాహరణల్లో ఒకటి. టీవీలో సైక్లోన్ అన్నప్పుడల్లా మనం పలుకుతున్న మాట వెనక ఒక తెలుగు ఊరు ఉంది. ఇది మన సిలబస్‌లో ఎక్కడా లేదు.

ఇంకోటి బర్మా. రంగూనుకు పోయిన తెలుగు కూలీలను అక్కడివాళ్ళు కోరంగీలు అనేవాళ్ళు. శ్రీకాకుళం వాడైనా, విశాఖపట్నం వాడైనా, కాకినాడలో ఓడ ఎక్కినవాడైనా, రంగూనులో దిగితే కోరంగీ. గౌరవంగా పిలిచిన పిలుపు కాదు అది. బియ్యం మిల్లుల్లో, రేవులో మూటలు మోసే పనిలో, రిక్షా లాగే పనిలో ఉండినారు. 1930 మేలో రంగూను రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే, వాళ్ళ బదులు బర్మావాళ్ళను పెట్టుకున్నారు. సమ్మె ముగిసినాక వాళ్ళను పొమ్మన్నారు. అక్కడ మొదలైన కొట్లాటలో చాలామంది తెలుగువాళ్ళు చచ్చిపోయినారు. 1942లో జపాను సైన్యం వస్తే మిగిలినవాళ్ళలో వేలమంది కొండలు, అడవులు నడిచి ఇండియాకు వచ్చినారు.

ఇది చదివితే మనకు తెలిసిన కథలాగే అనిపించలేదా? మన క్లాసులో అయిదారుగురి తాతలు ఛాంపియన్ రీఫ్‌లో, మారికుప్పంలో గనిలోకి దిగినవాళ్ళే. చిత్తూరు వైపు నుంచి, ఆర్కాటు వైపు నుంచి తట్టాబుట్టా పట్టుకొని వచ్చినవాళ్ళు. అక్కడ మూడు కిలోమీటర్లకు పైగా లోతు తవ్వినారు, 2001 ఫిబ్రవరి 28న మూసేసినారు, సైనైడ్ దిబ్బలు మిగిలినాయి. కోరంగిలో బురద మిగిలింది, ఆ బురదలో అడవి మొలిచింది. సైనైడ్ దిబ్బల మీద ఏం మొలుస్తుందో నాకు తెలీదు. కేజీఎఫ్ పిల్లలు కోరంగి చూస్తే, మన ఎకనామిక్స్ పాఠంలో చదివే "వలస" అనే మాటకు కొంచెం వేరే అర్థం వస్తుందని నా నమ్మకం.

ఇప్పుడు యానాం సంగతి. దీని కోసమే నేను ఇంత రాస్తా ఉండేది.

యానాం చుట్టూ ఆంధ్ర. అది మాత్రం పుదుచ్చేరిలో భాగం. 1954 దాకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉండింది, కాగితాల ప్రకారం ఇండియాలో కలిసింది 1962లో. 1929లో మన దగ్గర శారదా చట్టం వచ్చింది. ఆడపిల్లకు పద్నాలుగు, మగపిల్లవాడికి పద్దెనిమిది నిండకుండా పెళ్ళి చేయకూడదు అని. బ్రిటిషువాళ్ళ చట్టం ఫ్రెంచి యానాంలో చెల్లదు. అంతే, చుట్టుపక్కల జిల్లాల నుంచి జనం పిల్లల్ని చంకనేసుకొని యానాం పోయి తాళి కట్టించి తెచ్చుకున్నారు. అట్లా ఆ ఊరికి కళ్యాణపురం అని పేరొచ్చింది. ఎదుర్లంక వైపు నుంచి వచ్చేవాళ్ళు గౌతమి దాటాల. ఇప్పుడు బాలయోగి పేరుతో వంతెన ఉంది, అప్పుడు పడవే గతి.

సాయంత్రం ఆ గట్టు మీద కూర్చొని నేను ఈ సంగతి ఆలోచించినా. అదే నది మీద ఎనిమిదేళ్ళ పిల్లలు, తొమ్మిదేళ్ళ పిల్లలు కొత్త పరికిణీలు కట్టుకొని పడవ ఎక్కి ఉంటారు. వాళ్ళకు అది షికారు అనిపించి ఉంటుంది. ఏం జరగబోతుందో తెలీకుండా నీళ్ళలో చెయ్యి పెట్టి ఆడుకుంటా పోయి ఉంటారు. ఆ ఊరికి మనం, పద్దెనిమిది, పంతొమ్మిది ఏళ్ళ వాళ్ళం, ముప్పై ఎనిమిది మందిమి, ఏ పెళ్ళీ లేకుండా, ఏ మొక్కూ లేకుండా పడవెక్కి పోవాలని నాకుంది.

మా అవ్వకు డెబ్బై దాటినాయి. ఆమె చూసిన ఊళ్ళు ఎన్ని అని ఒకరోజు కూర్చోబెట్టి అడిగినా. తిరుపతి, ధర్మస్థళ, కోటిలింగేశ్వర, మా పక్కనే ఉండే చిక్కతిరుపతి. ఇంక పెళ్ళిళ్ళకు పోయిన ఊళ్ళు, చావులకు పోయిన ఊళ్ళు, కూతురి కాన్పుకు పోయిన ఊరు. ఊరికే చూసొద్దామని పోయిన ఊరు ఒక్కటంటే ఒక్కటి చెప్పలేకపోయింది. "ఊరికే ఎవరన్నా పోతారా?" అని నన్నే అడిగింది. మా తాత మాత్రం చెప్పినాడు. ఎద్దులు కొనడానికని పోయి రెండు రోజులు మద్రాసు సముద్రం చూసి వచ్చినాడంట, ఎద్దులు కొనకుండా. ఇంట్లో అందరూ నవ్వినారు. అవ్వ అట్లా చేసి ఉంటే నవ్వేవాళ్ళా?

తిరుపతికి చేతులెత్తిన తొమ్మిది మందికి: నేను దేవుడికి అడ్డం కాదు. కానీ తిరుపతికి మనల్ని ఇంట్లోవాళ్ళు ఎట్లాగూ తీసుకుపోతారు. కోరంగికి ఎవరూ తీసుకుపోరు. మూడు చేతుల్లో రెండోది ఎవరిదో మీకు తెలుసు, ఆమె ఒప్పుకున్న మీదటే రాస్తా ఉన్నా: ఆమెకు మే నెలలో పెళ్ళి. మూడో సంవత్సరం చదివిస్తామని వాళ్ళు మాటిచ్చినారు, సరే. కానీ తనకు తానుగా ఎన్నుకొని పోయే ప్రయాణం ఇదొక్కటే అయ్యేట్టుంది అని నాతో అంది. పీయూసీలో మనతో ఉండి ఇప్పుడు లేనివాళ్ళు ఎంతమందో లెక్కపెట్టుకోండి.

ఇక అడ్డాలు. మా నాయన అడిగిన మొదటి మాట "ఆడపిల్లల్ని పడవలెక్కిస్తారా?" అని. ఆడపిల్లలైతే ఎక్కువ మునుగుతారా అని నేను అడగలేదు, మనసులో అనుకున్నా. కానీ భయం ఉత్తది కాదు. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో పాపికొండలు చూడ్డానికి పోయిన పడవ కచ్చులూరు దగ్గర మునిగి నలభై మందికి పైగా పోయినారు. వరద మీద ఉన్న నది అది. అందుకే నేను పాపికొండలు అడగలేదు, అది ఎంత అందంగా ఉన్నా. అందుకే వరదలుండే నెలల్లో వద్దు, తుఫాన్లుండే నవంబరులో అసలే వద్దు, సంక్రాంతి అయినాక పోదాం అంటా ఉన్నా. లైఫ్ జాకెట్ అందరికీ కట్టి, మేడం లెక్కపెట్టినాకే పడవ కదలాల. ఫోటోలో లావుగా కనపడతామని జాకెట్ విప్పేవాళ్ళు గట్టు మీదే ఉండిపోవచ్చు. ఇది నేను సీరియస్‌గానే రాస్తా ఉన్నా.

రెండోది రాత్రి బయట ఉండటం. బంగారపేటలో శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఎక్కడా మారకుండా మరునాడు పొద్దున కాకినాడ. శుక్రవారం బయల్దేరితే శనివారం అక్కడ, సోమవారానికి వెనక్కి. అంటే శనివారం రాత్రి ఒక్కటి ఊర్లో పడుకోవాల. కాకినాడలో ఏదైనా మహిళా కాలేజీ హాస్టలు అడగొచ్చని మేడం అన్నారు. ఇంట్లో చెప్పేటప్పుడు "టూరు" అనకుండా "విద్యాయాత్ర" అని చెప్పండి, కన్నడంలో "శైక్షణిక ప్రవాస". మాటలో బరువుంటే సంతకం తొందరగా పడుతుంది.

మూడోది డబ్బు. వాటర్ పార్కు కంటే ఎక్కువే అవుతుంది, అబద్ధం చెప్పను. విద్యాయాత్రకు పోయే విద్యార్థులకు రైల్వే రాయితీ ఉంది, ప్రిన్సిపాల్ గారి లెటరుతో ముందే అడగాల. మిగిలింది నెలనెలా కొంచెం కట్టుకుందాం, ఇప్పుడు మొదలుపెడితే నాలుగు నెలలుంది. కట్టలేనివాళ్ళ పేర్లు బయటకు రాకుండా చూసే పని క్లాస్ రిప్రజెంటేటివ్ అక్క ఒప్పుకుంది.

నాలుగోది ఎవరూ మీటింగులో అడగలేదు కానీ తర్వాత వరండాలో అయిదుగురు వచ్చి అడిగినారు: బాత్రూం. పడవలో ఉండదు. కాబట్టి పడవ ఎక్కేముందు పోయిరావాల, పడవ గంటకు మించకూడదు. ముందే ఫోన్ చేసి కనుక్కొనే పని నాది.

ఈ గోడపత్రిక కింద ఒక కాగితం అంటించి, దారంతో పెన్ను కట్టినా. పోవాలనుకునేవాళ్ళు పేరు రాయండి. ఇంట్లో ఒప్పుకోరేమో అనిపిస్తే పేరు పక్కన చిన్న చుక్క పెట్టండి. చుక్కలున్న ఇళ్ళకు మేడం తానే ఫోన్ చేసి మాట్లాడతానన్నారు, కన్నడంలో మాట్లాడాల్సిన ఇళ్ళు ఉంటే నేనూ పక్కన ఉంటాను. శుక్రవారం దాకా కాగితం అక్కడే ఉంటుంది.